పేరు తెలియని మొక్క

రెండేండ్లక్రిందట తొలకరి వానలకు మా పెరటిలో నూతిగట్టు ప్రక్కను ఒక మొక్క తనంతట మొలచినది. మేము విత్తినది కాదు. ఇరుగుపొరుగువా రిచ్చినదియు కాదు. జానెడెత్తు పెరుగగనే సన్నని పొడవైన యాకులతో నిగనిగలాడుచుండెను. మా అత్తగారు చూచి, "గన్నేరే అమ్మాయీ! శివునికి ప్రీతి. తులసికోట ప్రక్కను నాటుము, ప్రొద్దుటనే పూవులకై వెదకుకొన నక్కరలేదు" అనిరి. పెద్దలమాటయని మేమట్లే చేసితిమి.

అయినను ఒక సందేహము మమ్ము విడువలేదు. మా పుట్టినింటి గన్నేరునకు కణుపునకు మూడేసి దళసరి యాకులుండెడివి. దీని యాకులో, ఒక్కొక్కటిగా కొమ్మచుట్టును తిరిగి పైకెక్కుచుండెను. త్రుంచినంతనే తెల్లని పాలు కారెను. పూవు పూచినప్పుడు తెలియునులెమ్మని ఊరకుంటిమి. సోదరీమణులారా, అదియే మా పొరపాటు.

మరుసటియేట పసుపుపచ్చని గంటలవంటి పూవులు పూచినవి. పచ్చగన్నేరు! అత్తగారి సంతోషమునకు మేరలేదు. పూవులవెంట గుండ్రని పచ్చికాయలు వచ్చినవి. ఒకనాటి మధ్యాహ్నము మా చిన్నపిల్ల తులసికోటయొద్ద గుజ్జనగూళ్లాడుచు, కొబ్బరిచిప్పలో ఆ కాయలను చితుకగొట్టి, "నాయనమ్మా, పప్పు వండితిని, రుచి చూడు" అని పిలిచినది. మా ప్రాణములు పైననే పోయినవి. చేతులును నోరును కడిగి వైద్యునియొద్దకు పరుగెత్తితిమి. దైవవశమున పిల్ల దానిని నోట పెట్టలేదు.

ఆ చెట్టున వేరుమొదలు గింజవరకు విషమేయనియు, అది గుండె నడకను చెరచుననియు, ఎండినను ఉడికినను పోదనియు వైద్యుడు చెప్పెను. ఎవరైన తినినయెడల వాంతులకై వేచియుండక, ఇంటి చిట్కాలతో కాలము వ్యర్థపుచ్చక తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెనట. మామూలు గన్నేరును విషమే. కాని దాని కాయలు సన్నని పొడవైనవి, పిల్లల కంటి కానవు. పచ్చగన్నేరు కాయ చూచుటకు పండువలెనే యుండును. పేరు తెలిసికొనుటలో ఆలస్యమున కింత ముప్పున్నదని మేమెరుగమైతిమి.

నరికింపుదమని మేమంటిమి. "పూచెడి చెట్టును నరుకుదురా?" యని అత్తగారు రెండుదినములు మాతో సరిగా మాటాడలేదు. అది మెక్సికో ప్రాంతములనుండి మన దేశమునకు వచ్చిన చెట్టు; ప్రాచీనుల కరవీరము మామూలు గన్నేరే. ఆ ముక్క అత్తగారితో అనుటకు మాకు ధైర్యము చాలలేదు.

తుదకు వానలలో కొమ్మలు కత్తిరించి, చేతులకు పాతగుడ్డ చుట్టుకొని, వేళ్లతో పెల్లగించి పెరటి చివరి గోడమూలకు మార్చితిమి. అచ్చట ఎండ పుష్కలము. నీరు తక్కువైనను అది బ్రదుకును. పశువుల కొట్టమునకు దూరము. కోసిన కొమ్మలను మేతలో కలియనీయలేదు, పొయ్యిలోనికి పోనీయలేదు. పిల్ల అటు పోకుండ తడిక కట్టించితిమి. తులసికోట ప్రక్కను మందారము నాటితిమి.

ఇప్పుడు తెల్లవారగనే అత్తగారే తడిక తీసికొని లోనికి పోయి, సజ్జలో పూవులు కోసి, రాలిన కాయలను పాత డబ్బాలోనికి ఏరి లెక్కపెట్టుచున్నారు. నిన్న ఏడు కాయలట.