గుల్ల పడాల్సిన కాంక్రీటు

హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైనప్పటి నుంచీ అత్తాపూర్‌లో అడ్రసంటే దాని పిల్లర్ నంబరే. నేను కలవబోతున్న పెద్దాయన చెప్పిన పిల్లరు దగ్గర దిగి, సందులోకి తిరిగి, మూడంతస్తుల ఇంటి డాబా ఎక్కాను. బట్టలారేసే తీగల కింద వరసగా నీళ్ల డ్రమ్ములు, ఇసుక నింపిన ప్లాస్టిక్ టబ్బులు, ఓ మూల జల్లెడ, తాపీ, రెండు గమేలాలు. సముద్రం ఇక్కడికి రోడ్డు దారిన 300 కిలోమీటర్ల పైమాటే. ఉప్పునీటి అక్వేరియంలో పెట్టే రాళ్లు మాత్రం ఈ డాబా మీద తయారవుతున్నాయి.

ఇంటాయన ఉద్యోగం చేసినన్నాళ్లూ కట్టుబడి సైట్ల మీద సూపర్‌వైజరు. అక్వేరియం పిచ్చి ఆయనది కాదు, మేనల్లుడిది. "వీనికి చేపలు కావాలె, నాకు చెయ్యి ఊకుంటలేదు. గట్ల మొదలైంది" అన్నారు.

ఉప్పునీటి అక్వేరియంలో రాయి ఉన్నది అందానికే అనుకుంటాం. అసలు పనంతా దానిదే. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కాపురం దాని రంధ్రాల్లోనే. ఆక్సిజన్ అందని లోపలి సందుల్లో మరో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి తెచ్చిన రాళ్లు, గాలి బుడగలు తప్ప పెద్ద హంగేమీ లేకుండా తొట్లు నడిపి, ఆ సంగతి 1961లో ఒక పత్రికకు రాశాడు. అప్పటి నుంచి ఆ 'లైవ్ రాక్' కోసం ఎగబడని దేశం లేదు.

మన దేశంలో ఆ దారి మూసేశారు. మంచి పనే. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో పగడమూ పులీ ఒకటే. అంతకుముందు మన్నార్ సింధుశాఖలో సున్నానికీ ఇళ్ల కట్టుబడికీ పగడపు దిబ్బల్ని ఏళ్ల తరబడి తవ్వారు. అక్కడున్న 21 దీవుల్లో రెండు నీట మునిగిపోయాయి. ఇళ్లు కట్టడానికి పగడాన్ని తవ్వుకున్నాం. ఇప్పుడు ఇళ్లు కట్టే సిమెంటుతో పగడపు రాయి చేసుకుంటున్నాం!

మన రాళ్లు పనికిరావా అని అడిగాను. మేనల్లుడు అన్నీ ప్రయత్నించాడట. తాండూరు బండ సున్నపురాయే, నీటికి హాని లేదు. కానీ గట్టి పలక, లోపల గాలి చొరబడే సందు ఉండదు. వికారాబాద్ వైపు ఎర్రరాయి నిండా రంధ్రాలే, కానీ అందులో ఇనుము. నీళ్లలో పెడితే పాచి పట్టుకుంటుందేమోనని భయం. అందుకే మామ చేతి మాలు.

సిమెంటు ఒక పాలు, చిప్పల నలుసు మూడు పాళ్లు, దొడ్డుప్పు ఒక పాలు. చిప్పలు కోళ్ల దాణా దుకాణంలో బస్తాల లెక్కన దొరుకుతాయి. గుడ్డు పెంకు గట్టిపడాలని లేయర్ కోళ్లకు వేసే షెల్ గ్రిట్టే ఇది. సిమెంటు దగ్గర మాత్రం మామా అల్లుళ్లకు పడదు. మేనల్లుడు తెల్ల సిమెంటే కావాలంటాడు, రాయి చూపుకు బాగుంటుందని. ఫ్లైయాష్ కలిసిన మామూలు సిమెంటయితే సున్నం తక్కువ ఊరుతుందని మామ వాదన. అది నిజమే. కానీ ఆ బూడిద ఏ బొగ్గుదో, అందులో ఏ లోహాలున్నాయో బస్తా మీద రాయరు. నా ఓటు కుర్రాడికే.

ఉప్పు పోస్తుంటే ఆయన నవ్వారు. "సైట్ల మీద మాలుల ఉప్పు పడితె మేస్త్రీని ఇంటికి పంపేటోన్ని. సలాక తుప్పు పడ్తది కదా. ఇండ్ల సలాకే లేదు, ఇగ భయమేంది?" సిమెంటు గట్టిపడ్డాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి, అది ఉన్న చోటల్లా గుల్ల మిగులుతుంది. వైబ్రేటర్ పెట్టి, ఎక్కడా గుల్ల పడకుండా చూడటమే ఆయన జీవితమంతా చేసిన పని. ఇప్పుడు గుల్ల పడకపోతే రాయిని అవతల పారేస్తారు.

కలపడంలో కిటుకంతా నీళ్ల దగ్గరే. మగ్గుతో పొయ్యరు, చేత్తో చిలకరిస్తారు. పిడికిట పడితే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి, మలీద ముద్దలాగా. "నీళ్లెక్కువైతె సిమెంటు పాలు దిగి రంధ్రాలన్నీ మూసుకపోతయి" అంటూ నా చేతిలోనూ కొంచెం పెట్టారు, గ్లౌజు తొడిగించాకే. సిమెంటు సున్నం చర్మాన్ని కాలుస్తుంది. తడి ఇసుకలో గుంత చేసి, ఆ ముద్దల్ని నొక్కకుండా వదులుగా పేర్చారు. మధ్యమధ్య ఉత్త ఇసుక ముద్దలు పెట్టారు, తర్వాత అవి రాలిపోతే చేపలు దూరే గుహలవుతాయి. పైన ప్లాస్టిక్ కవరు కప్పి రెండు రోజులు కదపరు.

అసలు ఓపిక ఆ తర్వాతే కావాలి. కొత్త సిమెంటు రాయిని నీళ్లలో వేస్తే సున్నం ఊరి పీహెచ్ 12 దాటుతుంది. సముద్రపు నీటిది 8.2. ఆ తేడాలో ఏ చేపా బతకదు. బోరు నీళ్లలో నానబెట్టి, వారానికి రెండుసార్లు పారబోసి, ఆరు నుంచి ఎనిమిది వారాలు చూస్తారు. చివరి విడత మాత్రం ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాముల సముద్రపు ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర పెడతారు.

పరీక్షకు ఆయన సైట్ల పద్ధతే వాడతారు. నెల నానిన రాయొకటి సుత్తితో పగలగొట్టి, పగిలిన ముఖం మీద ఫినాప్తలీన్ చిలకరించారు. అంచు వెంబడి వేలి గోరంత మేర రంగు మారలేదు. నడుమ మాత్రం చిక్కటి గులాబి రంగు పొంగుకొచ్చింది. గులాబి ఉన్నంత మేరా సున్నం ఉన్నట్టే. ఆ రెండు ముక్కలూ మళ్లీ డ్రమ్ములోకి వెళ్లాయి. పగిలినవైనా చివరికి అమ్ముడుపోతాయట, చిన్న తొట్లకు.

పాత లెక్క ప్రకారం 100 లీటర్ల తొట్టికి 12 కిలోల రాయి కావాలి. ఇంత గుల్ల రాయయితే అంత అవసరం లేదంటాడు మేనల్లుడు. కింద హాల్లో వాడి తొట్టి చూశాను. మొదట్లో పోసిన రాళ్లకు ఊదారంగు సున్నపు నాచు పట్టి, సిమెంటు ఆనవాలే లేదు. వాటి మధ్య రెండు క్లౌన్ చేపలు, హేచరీలో పుట్టినవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారి మండపం కేంద్రం ఈ చేపల పెంపకాన్ని సాధించి చూపింది కనుక వాటి కోసమూ సముద్రం మీద పడనక్కర్లేదు.

నేనక్కడ ఉండగానే గిరాకీ ఫోను. వారంలో తొట్టి మొదలుపెట్టాలట, పోయిన వారం పోసిన రాళ్లు ఇచ్చెయ్యమంటున్నాడు. మేనల్లుడు ఇద్దామన్నట్టు "మామా..." అన్నాడు. ఆయన ఫోను తనే అందుకున్నారు.

"నానబెట్టుడు మీరే చేసుకుంటె సగం ధరకిస్త. రెండు నెల్లు పడ్తది. గంతల చేపనేసి, సచ్చిపోయిందని నాకు ఫోన్ చెయ్యొద్దు."