మిత్తి కట్టిన ఏండ్లు

1997 పత్తి అనగానే నాకు ముక్కులో మందు వాసన తగులుతుంది. బాపు చేను నుంచి వచ్చి బావి దగ్గర ఎంతసేపు ఒళ్ళు రుద్దుకున్నా అది పోయేది కాదు. ఆయన దస్తీకి ఉండేది, మంచం నులకకు ఉండేది, ఇంట్లో మూలన వరుసగా పెట్టిన మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్ డబ్బాలకు ఉండేది. మాది పరకాల వైపు ఊరు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఆ ఏడు పడాల్సినప్పుడు పడని వాన, కాయ పగిలే వేళకు ముసురు పట్టింది. పచ్చపురుగు ఒక మందుకు చావకపోతే ఇంకోటి, దానికీ చావకపోతే రెండూ కలిపి కొట్టమని దుకాణంలో చెప్పేవాళ్ళు. చేతిలో పైసలు లేకపోయినా మందు దొరికేది, ఉద్దెర ఖాతాలో రాసుకునేవాళ్ళు. ఆ ఖాతా ఎంతకు పోయిందో బాపు ఇంట్లో చెప్పేవాడు కాదు.

ఆ చలికాలం మా జిల్లాలో పత్తి రైతుల చావుల వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. ఊళ్ళో పేపరు చాయ్ హోటల్‌కు ఒకటే వచ్చేది. బాపు అది చదివి ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నాయనమ్మ పిలిచినా పలికేవాడు కాదు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మూలన డబ్బాలు లేవు. "వాసనకు తలకాయ నొస్తాంది, మీ మామ తీస్కపోయిండు" అంది అమ్మ. నిజమే అనుకున్నాను. అమ్మ వాటిని ఇంట్లోంచి ఎందుకు పంపించేసిందో నాకు పెండ్లయి, పిల్లలు పుట్టాక గానీ అర్థం కాలేదు. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో ఎవరం పైకి అనుకోలేదు.

సంక్రాంతికి ముందో తర్వాతో, ఒక రాత్రి అన్నాలయ్యాక అమ్మ నా రఫ్ నోటుబుక్కు తెమ్మంది. అమ్మకు చదువు రాదు, అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. "మీ బాపు చెప్తడు, నువ్వు రాయి బిడ్డా" అంది.

"పిల్లలకెందుకే ఇవన్ని" అన్నాడు బాపు.

"రేపు వాకిట్ల ఎవడన్న నిలబడి అడిగితె వీళ్ళు వినరా? మన నోటెంట వింటె బుగులుండదు."

బాపు చెప్పడం మొదలుపెట్టాడు. షావుకారి దగ్గర నోటు నలభై వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి. మందుల దుకాణంలో ఉద్దెర. బ్యాంకులో పంట రుణం. అమ్మ పుస్తెలతాడు గిర్వి పెట్టి తెచ్చినవి. ఒక్కోటి చెప్పి ఆగేవాడు. అమ్మ "ఇంక?" అనేది. అన్నీ అయిపోయాయనుకున్నాక కూడా "ఇంక?" అంది. చాలాసేపు పట్టింది ఆ చివరిది బయటికి రావడానికి. చిన్ననాటి దోస్తు దగ్గర తెచ్చిన చేబదులు అది. మిత్తి లేదు, కాయిదం లేదు. అన్నిట్లోకీ చిన్నదీ అదే, చెప్పడానికి బాపుకు అన్నిటికన్నా కష్టమైనదీ అదే. మొత్తం తొంబై వేల దగ్గర తేలిందని గుర్తు. అటూ ఇటూ అయి ఉండొచ్చు, ఆ పుస్తకం చెదలు పట్టిపోయింది. ఆ రాత్రి బాపు గురక పెట్టాడు. చాలా రోజుల తర్వాత విన్న గురక.

బారువడ్డీ లెక్కలు అప్పుడే బడిలో చెప్తున్నారు. మర్నాడు షావుకారి అప్పు నేనే లెక్కగట్టాను. నలభై వేల మీద నెలకు 1,200. మూడేండ్లకు 43,200. అంటే మిత్తే అసలును దాటుతుంది. నోటు మూడేండ్లే చెల్లుతుంది కాబట్టి గడువు దగ్గరపడగానే తిరగరాయమంటారు. అప్పుడు మిత్తి పోయి అసల్లో కలుస్తుంది, 83,200కు కొత్త కాయిదం తయారవుతుంది. ఆ తర్వాత మిత్తి దాని మీద నడుస్తుంది. నేను చదివి వినిపిస్తుంటే బాపు కిందికి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ మాత్రం "అయితె ముందుగాల ఈ మూడు రూపాల మిత్తి తెగాలె" అంది.

తర్వాత ఇంకో మాట అంది. మా ఇంట్లో ఆ ఏండ్లన్నీ దాని మీదే నడిచాయి. "ఆయన మన గడప తొక్కకముందే మనం ఆయన గడప తొక్కాలె."

ప్రతి నెలా ఒకటో తారీఖుకు మేమే షావుకారింటికి పోయేవాళ్ళం. మిత్తికి సరిపడా ఉంటే అంత, లేకపోతే మూడొందలో రెండొందలో. చదవడానికి నేను. షావుకారు ఇనప్పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన కాయిదాల కట్ట విప్పేవాడు. డాంబర్ గోలీల వాసన గుప్పున వచ్చేది. మా నోటు మీద రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా బాపు సంతకం. అమ్మ పైసలు ఊరికే ఇచ్చేది కాదు, నోటు వెనక చెల్లు రాయమనేది. తారీఖు, ఎంత ముట్టింది, కింద బాపు సంతకం. అట్లా రాస్తే గడువు ఆ తారీఖు నుంచి మళ్ళీ మొదలవుతుంది గనుక ఆయనా కాదనేవాడు కాదు. నేను ఆ గీతను గట్టిగా చదివాకే అమ్మ లేచేది. మొదటి నెల ఆ గడప దాకా తల ఎత్తకుండా నడిచిన బాపు, ఎండాకాలం వచ్చేసరికి అదే అరుగు మీద కూర్చుని షావుకారితో వానల గురించి మాట్లాడుతున్నాడు. అప్పు అప్పటికి పెద్దగా తగ్గలేదు. బాపు నడక మాత్రం మారింది.

ఇల్లు బిగబట్టి నడిపిన తీరు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. రెండు రూపాయల కంట్రోల్ బియ్యం అప్పటికే మూడున్నర అయింది. బర్రె పాలు పొద్దున్నే కేంద్రానికి పోయేవి. మా తమ్ముడికీ నాయనమ్మకూ చెరో గ్లాసు తీసిపెట్టాకే చెంబు బయటికి కదిలేది. మా చాయ్ ఎర్రగా ఉండేది. పత్తి మానేసి మక్క, పెసర వేశారు. అమ్మ పొదుపు సంఘంలో చేరింది, రోజుకు రూపాయి. ఏడాది దాటాక సంఘంలో రెండు రూపాయల మిత్తికి అప్పు దొరికితే దాన్ని అట్లాగే తీసుకుపోయి మూడు రూపాయల అప్పులో కట్టింది. తక్కువ మిత్తితో ఎక్కువ మిత్తిని కోయడం అమ్మకు ఎవరు నేర్పారో నాకు తెలీదు.

తిండి తగ్గడం నాకు అంత బాధనిపించలేదు. నలుగురిలోకి పోవడమే కష్టంగా ఉండేది. మా దగ్గర పెండ్లిళ్ళలో ఎవరెంత కట్నం రాయించారో మైకులో చదివేవాళ్ళు. చిన్నమ్మ కూతురి పెండ్లిలో బాపు పేరు దగ్గర ఎంత చదువుతారో నాకు ముందే తెలుసు. ఆ వేళకు పందిరి వెనక్కి పోయి నిలబడ్డాను. అమ్మ మీద కోపం. పైసలు లేనప్పుడు పెండ్లికి రాకుంటే ఏమయ్యేదని. అమ్మ ముందురోజు పొద్దున్నే అక్కడికి పోయి, రాత్రంతా కూరగాయలు కోసి, పొయ్యి దగ్గరే ఉంది. మైకులో ఏం చదివారో విన్లేదు కూడా. ఆ పెండ్లి ముచ్చట వస్తే చిన్నమ్మ ఇప్పటికీ ఒకటే చెప్తుంది, అక్క లేకుంటే ఆ వంట తెమిలేది కాదని. పందిరి వెనక నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే నాకు జాలేస్తుంది. ఎవరూ తనను చూడట్లేదని దానికి తెలీదు.

అమ్మ దేన్నయినా తగ్గించింది గానీ ఒకదాన్ని ముట్టుకోలేదు. 1998 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. అప్పులన్నీ నోటుబుక్కులో రాసుకుని ఎన్నాళ్ళో కాలేదు. "ఈ ఏడు వద్దు" అన్నాడు బాపు. "ఈ ఏడే పోవాలె" అంది అమ్మ. అప్పుల లెక్క కింద ఒక గీత గీయించి 'జాతర' అని రాయించింది. ఎదురుగా ఎంత రాశానో మరిచిపోయాను, వందా యాభైకి మించి ఉండదు. పక్కింటివాళ్ళ ఎడ్లబండిలో పోయాం. నాయనమ్మను గడ్డి మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాం. దారి పొడుగునా దుమ్ము, బండ్ల మీద బండ్లు, శివసత్తుల కేకలు. మాలాంటి పత్తి రైతులే అందరూ. ఎవరూ పత్తి మాటెత్తలేదు. గద్దెల దగ్గర నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇచ్చేవాళ్ళ పక్కన అమ్మ ఒక చిన్న బెల్లం ముద్ద పెట్టి మొక్కింది. జంపన్న వాగులో తమ్ముడు బాపు మీద నీళ్ళు చిమ్మితే బాపు వాణ్ణి ఎత్తి ముంచి, ఇద్దరూ పకపకా నవ్వారు. నాయనమ్మ ఒడ్డున కూర్చుని ఆ నవ్వు చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. 2000 జాతర నాటికి ఆమె లేదు.

2002లో బీటీ పత్తి విత్తనం వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ పదహారు వందలు. ఊళ్ళో అందరూ అదే మాట. బాపు దుకాణానికి పోకముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి "ఏం జేద్దాం?" అని అడిగాడు. ఒక ఏడు చూసి వేద్దామన్నాం. ఐదేండ్ల కింద అట్లా అడిగే మనిషి కాదు మా బాపు.

అప్పు ఎప్పుడు తీరిందో మాలో ఏ ఇద్దరికీ కుదరదు. 2004 మక్కల పైసలతో నోటు చించేశామని తమ్ముడు అంటాడు. అంతకుముందటి దసరాకు తాడు గిర్వి నుంచి ఇంటికి వచ్చిన రోజే తీరినట్టని అమ్మ లెక్క. నేనప్పుడు హన్మకొండలో డిగ్రీ హాస్టల్‌లో ఉన్నాను. 2008లో కేంద్రం రుణమాఫీ ప్రకటించే నాటికి మా బ్యాంకు అప్పు ఎప్పుడో కట్టేశాం. షావుకారి నోటుకు ఏ మాఫీ ఎట్లాగూ వర్తించదు.

ఇప్పుడు నేను టీచర్ని. ఇంటి లోను ఈఎంఐ నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కట్ అయిపోతుంది. ఎవరి గడపా తొక్కే పని లేదు. 2022 జనవరిలో మా దగ్గరి బంధువుల అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఫోన్ యాప్‌లలో అప్పులు చేశాడు. ఒకటి కట్టడానికి ఇంకోటి. వాళ్ళు అతని ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్ చేసి తిడుతున్నారు. తల్లిదండ్రులకు చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడు గానీ తినట్లేదు. అమ్మ ఎదురుగా కూర్చుని "మొత్తం ఎంత బిడ్డా?" అంది. ఒక అంకె చెప్పాడు. అది మొత్తం కాదని నాకూ తెలిసింది, అమ్మకూ తెలిసింది. కాగితం తెచ్చి ఒక్కోటి రాయించాం. రాశాక వాళ్ళ నాన్నకు ఫోన్ చేయించాం. అటు నుంచి కేకలు వినబడ్డాయి, తర్వాత ఏడుపు, ఆ తర్వాత "రేపొద్దున బస్సుకు వస్తున్న, నువ్వు ఎటూ పోకు" అన్న మాట. ఆ అబ్బాయి కాగితం మడవబోతుంటే అమ్మ ఆపి, కింద ఒక గీత గీయమంది. వచ్చే నెల జాతర ఉంది, దానికెంతో రాయమంది.

అతను నావంక చూశాడు. రాయమన్నాను. అప్పున్న ఇంట్లో ఆ గీత ఉండాల్సిందేనని నేను గట్టిగా నమ్ముతాను. అన్నీ తీరాక నవ్వుదాం, అన్నీ తీరాక ఎటైనా పోదాం అనుకుంటే కుదరదు. అప్పు ఏండ్లు తీసుకుంటుంది. తమ్ముడు పెరిగిందీ, నాయనమ్మ పోయిందీ ఆ ఏండ్లలోనే.