ఆదివారం... ఆ రోడ్లకు సెలవు!

వారమంతా బస్సులూ కార్లతో కిటకిటలాడే రహదారులు... ఆదివారం పొద్దున ఏడయ్యేసరికి పిల్లల సైకిళ్లకూ పెద్దల నడకకూ దారిచ్చేస్తాయి. కొలంబియా రాజధాని బొగొటాలో యాభయ్యేళ్లకు పైగా సాగుతున్న ఆ సందడి పేరే 'సిక్లోవియా'.

సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తున, ఆండీస్ కొండల మధ్య ఉంటుంది బొగొటా. దాదాపు 80 లక్షల జనాభా. ట్రాఫిక్ జామ్‌లకు పెట్టింది పేరు. అలాంటి నగరంలో ఆదివారాలూ సెలవురోజుల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండింటిదాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను జనానికే వదిలేస్తారు. ఆ దారుల్లోకి కార్లూ మోటారుసైకిళ్లూ రాకూడదు.

ఇక చూడాలి ఆ సంబరం! మూడు చక్రాల సైకిళ్లమీద చిన్నారులు, స్కేటింగ్ చేసే కుర్రాళ్లు, కుక్కపిల్లతో షికారుకొచ్చిన తాతయ్యలు... లక్షలమంది రోడ్డు మీదే ఉంటారు. పక్కనే పళ్లరసాల బండ్లు, సైకిళ్లకు పంక్చర్లు వేసేవాళ్లు. పచ్చిమామిడి ముక్కలకు ఉప్పూ నిమ్మరసం పట్టించి అమ్మేవాళ్లూ కనిపిస్తారు. కొన్ని పార్కుల్లో, కూడళ్లలో వేదికల మీద శిక్షకులు పాటలు పెట్టి ఏరోబిక్స్ చేయిస్తుంటారు. పైసా ఇవ్వక్కర్లేదు. ఆ ఎత్తులో గాలి పల్చన కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం కాస్త ఆయాసం తప్పదు.

నిరసనతో మొదలు

దీనికి బీజం పడింది 1974 డిసెంబరు 15న. నగరాన్ని కార్లు కమ్మేస్తున్నాయంటూ వేలమంది సైకిళ్లతో ప్రధాన వీధుల్లోకి వచ్చారు. 1976లో నగర పాలకులు దానికి అధికారిక ముద్ర వేశారు. 90ల్లో నగర పార్కుల బాధ్యత చూసిన గిల్ పెన్యాలోసా దాన్ని నలుమూలలకూ విస్తరించారు. బొగొటాలో ఉత్తరాన సంపన్నులు ఎక్కువ, దక్షిణాన పేదలు ఎక్కువ. సిక్లోవియా దారులు ఆ రెంటినీ కలుపుతాయి. వారానికి ఒక్కపూటైనా అందరిదీ ఒకే రోడ్డు.

ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ

కొత్త పార్కు కట్టాలంటే స్థలం కావాలి, కోట్లు కావాలి. ఇక్కడ ఉన్న రోడ్డునే ఏడు గంటలు అరువు తీసుకుంటారు. అంతే! 2012లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం, పాల్గొనే ఒక్కో మనిషికి ఏడాదికయ్యే ఖర్చు 6 డాలర్లు. పెట్టిన ప్రతి డాలరుకూ వైద్యఖర్చుల రూపంలో మూడు డాలర్లకు పైగా ఆదా అవుతోందట.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడంలాంటి వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆదివారం ఒక్కపూట సైకిల్ తొక్కితే అందులో చాలా భాగం అయిపోయినట్టే. మరి సోమవారం మాటేమిటి? బొగొటా ఆ సంగతీ ఆలోచించింది. సైకిళ్లకోసం విడిగా 500 కిలోమీటర్లకు పైగా దారులు వేసింది. అయినా ట్రాఫిక్ జామ్‌లు పోలేదు. కానీ కారు లేనివాళ్లకూ ఒక దారి దొరికింది.

ఈ గాలి మన దేశానికీ వీచింది. 2013 నవంబరులో గుడ్‌గావ్‌లో 'రాహ్‌గిరి' పేరుతో మొదలైంది. 2021లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపేస్తే కుటుంబాలు కుటుంబాలే తరలివచ్చాయి. అయితే చిన్న తేడా ఉంది. ట్యాంక్‌బండ్ చేరాలంటే చాలామంది ముందు బండెక్కాల్సిందే. బొగొటాలో సిక్లోవియా చాలా పేటల్లోంచే సాగిపోతుంది.

నడవని మనిషిని బద్ధకస్తుడనడం తేలిక. ఫుట్‌పాత్ మీద బండ్లు నిలిపి, రోడ్డు దాటే వీల్లేకుండా చేసి, నడవమంటే ఎలా నడుస్తాడు? పిల్లల సైకిళ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కార్ల మధ్యే గిరికీలు కొడుతున్నాయి. వాటికి కావాల్సింది గేటు దాటగానే భయంలేని వీధి... వారానికి ఒక్కపూటైనా!