పాతబస్తీ ట్రాఫిక్‌లో పాప సీటు

పాతబస్తీలో కారు నడపడమంటే ఫస్ట్ గేరుకీ సెకండ్ గేరుకీ మధ్య ఆటే. మదీనా దగ్గర నుంచి పత్తర్‌గట్టీ వైపు తిరిగితే స్పీడోమీటర్ ముల్లు 20 దగ్గరే ఊగిసలాడుతుంది. ఈ మధ్య అక్క, ఆరు కిలోల మేనకోడలితో అటు వెళ్లినప్పుడు ఇంట్లో వాళ్లది ఒకటే మాట: "ఇంత నెమ్మదిగా పోయే దారిలో సీటెందుకురా, ఒళ్లో పెట్టుకుంటే చాలదా?"

కానీ దారంతా అలాగే ఉండదు కదా. బహదూర్‌పురా దాటి జూపార్క్ చేరితే, 2025 జనవరిలో తెరిచిన ఆరాంఘర్ ఫ్లైఓవర్ ఎక్కేస్తాం. అక్కడ వేగం చూస్తుండగానే పెరుగుతుంది. లెక్క చూడండి: గంటకు 40 కిలోమీటర్లతో వెళ్తున్న కారు సెకనులో పదోవంతులో ఆగిపోతే, ఆరు కిలోల పాప దాదాపు 68 కిలోల బరువులా ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు.

అందుకే పసిపిల్లల సీటు వెనక్కి తిరిగి ఉండాలి. వాళ్ల తల బరువెక్కువ, మెడ లేత. ఎదురుగా గుద్దుకుంటే దెబ్బ ఒక్క మెడ మీద పడకుండా వీపంతా పంచుకుంటుంది. 1960ల్లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ వ్యోమగాముల సీట్లు చూసి ఈ ఆలోచన చేశారు.

ఇక అందరికీ వచ్చే డౌటు, సీటుతో వచ్చే పై పట్టీ ఎక్కడ కట్టాలి? చాలా సీట్లలో అది ముందుకు తిప్పి వాడేటప్పటికే. వెనక్కి తిప్పినప్పుడు కొన్నిటికి నేలకు ఆనే కాలు ఉంటుంది, కొన్నిటికి ముందు సీటు అడుగున కట్టే పట్టీలుంటాయి. మీ సీటు మాన్యువల్‌లో ఉన్నట్టే చేయండి. తోచిన కొక్కేనికి, హెడ్‌రెస్ట్‌కి కట్టేయొద్దు. బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో మాత్రం అస్సలు పెట్టొద్దు.

చట్టం కూడా ఉంది. 2019 సవరణలోని 194బి ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టు లేదా తగిన సీటు లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్.

పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి నుంచి ఆటోలో బిడ్డని ఇంటికి తెచ్చుకునే తల్లికి ఈ సీటు పెట్టుకునే వీలే లేదు. కారున్న మనకి ఉంది. ఉస్మానియా బిస్కెట్ల కోసం బయల్దేరినా సరే, తాళం తిప్పే ముందు ఆ సీటుని ఒక్కసారి ఊపి చూడండి.