కలుస్తది

పోయిన నెల సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పాత థిన్ క్లయింట్ కొన్నాను. టిఫిన్ డబ్బా కన్నా కాస్త పెద్దది, అంతే. పక్క గదిలో ఉన్న పెద్ద మెషీన్‌కి దీన్ని కలిపి, మంచం దగ్గర పెట్టుకుని స్కాన్ చేసిన పాత పత్రికలు చదువుకోవాలని నా ప్లాను. రాత్రి పదకొండింటికి వైర్లన్నీ పెట్టి ఆన్ చేస్తే నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెర వచ్చింది. ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్. నాలుగు ఖాళీ గళ్ళు. మొదటి గడిలో కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది.

నేను 192.168.1. అని కొట్టి ఆగిపోయాను. చివరి అంకె దగ్గర.

థిన్ క్లయింట్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. దానికి సొంత బుర్ర దాదాపు ఉండదు. ప్రోగ్రాములు నడిచేది ఎక్కడో ఉన్న సర్వర్లో. మనం నొక్కిన కీ అక్కడికి వెళ్తుంది, అక్కడ తయారైన బొమ్మ మన తెర మీదికి వస్తుంది. కాబట్టి దానికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆ కనెక్షన్. అది తెగితే ముందున్నది ఉత్త డబ్బానే. ఆ కనెక్షన్‌కి ఆధారం ఆ నాలుగు గళ్ళు. మొదటిది ఇంటి నంబరు. రెండోది మన వీధి ఎక్కడిదాకానో చెప్తుంది. మూడోది వీధి దాటాలంటే ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో. నాలుగోది పేరు చెప్తే నంబరు చెప్పేవాడి అడ్రసు. వీటిలో ఒక వీధిలో ఇద్దరికి ఉండకూడనిది మొదటిదే.

2012 వేసవి. బీటెక్ అయి ఏడాది. ఉద్యోగం లేదు. నాగార్జునసాగర్ రోడ్డు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆన్‌లైన్ పోటీ పరీక్షకి ల్యాబ్ సిద్ధం చేసే పని దొరికింది. రోజుకి ఐదొందలు, మధ్యాహ్నం భోజనం. నలభై థిన్ క్లయింట్లు, నాలుగు స్పేర్లు. ఏ సీటుకి ఏ అడ్రసో ముందే కాగితం మీద రాసివ్వాలి కాబట్టి అన్నీ చేత్తోనే కొట్టాలి. సులువుగా ఉంటుందని సీటు నంబరే చివరి అంకెగా పెట్టాను. ఒకటో సీటుకి 1, నలభయ్యో సీటుకి 40, స్పేర్లకి 41 నుంచి 44. పరీక్ష ముందు రాత్రి రెండున్నర దాకా కొట్టాను. సీట్లన్నీ ఒకసారి ఆన్ చేసి చూసుకున్నాను. స్పేర్లు చూడలేదు. నిద్రొచ్చింది.

మర్నాడు పరీక్ష మొదలైన అరగంటకి పన్నెండో సీటు కీబోర్డు మొరాయించింది. ఎందుకైనా మంచిదని మొదటి స్పేర్ ఆన్ చేసి ఉంచాను. ఈలోగా కీబోర్డు మారిస్తే సరిపోయింది. స్పేర్ దగ్గర ఎవరూ కూర్చోలేదు. దాన్ని ఆపడం మర్చిపోయాను. కాసేపటికి ముప్ఫై ఒకటో సీటులో చెయ్యి లేచింది.

ఆవిడకి ఇరవై ఎనిమిదీ ముప్ఫై ఉంటాయి. తెర బిగుసుకుపోయింది. కేబుల్ తీసి పెట్టాను. రీస్టార్ట్ చేశాను. వచ్చింది. రెండు నిమిషాల్లో మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ పోయింది. ఆవిడ నా చేతులకేసే చూస్తోంది.

"సార్, నా టైం పోతుంది సార్. మళ్ల కలుపుతరా?"

"కలుస్తది మేడమ్" అన్నాను.

నాకేమీ తెలీదు. సర్వర్లో గడియారం ఆగుతుందో, నడుస్తూనే ఉంటుందో, పోయిన టైం కలపాలంటే ఎవరు కలపాలో నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఆ నిమిషానికి నోటికొచ్చిన మాట అది.

పదకొండు నిమిషాలయ్యాక స్పేర్ వైపు చూశాను. దాని సెట్టింగ్స్ తెరిచాను. 41 ఉండాల్సిన చోట 31. కేబుల్ పీకేశాను. ఆవిడ తెర నిలబడింది. ఆవిడ నాకేసి చూడకుండా ప్రశ్నల్లో పడింది.

జరిగిందేమిటో ఇప్పుడు బాగా చెప్పగలను. ఒక వీధిలో ఏ నంబరు ఎవరిదో తెలుసుకోడానికి కంప్యూటర్లు వాడే పద్ధతి ఏఆర్‌పీ, 1982 నాటిది. చాలా నమ్మకస్తుల కాలం నాటి పద్ధతి. "31 నేనే" అని ఎవరు అన్నా నమ్ముతుంది. స్పేర్ ఆన్ కాగానే సర్వర్ దాన్నే 31 అనుకుని, ఆవిడకి వెళ్ళాల్సిన జవాబులు దానికి పంపింది. అది "ఈ సంభాషణ నాకు తెలీదు" అని తెంపేసింది. 2008లో దీనికో మందు రాశారు, ఆర్ఎఫ్‌సీ 5227 అని. అడ్రసు వాడుకునే ముందు "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని వీధంతా అడిగి, కాసేపు ఆగి, జవాబు రాకపోతేనే వాడుకోవాలి. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ ఉన్న సీటు చూసి "ఎవరన్నా ఉన్నారా అండీ?" అని అడుగుతామే, అదే. నా స్పేర్ అడగలేదు. నేనూ దాన్ని ముందు రోజు రాత్రి అడగలేదు.

పరీక్షయ్యాక ఒక ఫారం నింపాలి. సీటు నంబరు, ఎంతసేపు, కారణం. "సుమారు 5 నిమిషాలు" అని రాశాను. కారణం దగ్గర ఇంగ్లీషులో "నెట్‌వర్క్ ఫ్లక్చుయేషన్, రిజాల్వ్‌డ్" అని రాశాను. సూపర్‌వైజర్ చదవకుండానే సంతకం పెట్టాడు. రెండో రోజు పని కూడా ఉంది, ఇంకో ఐదొందలు. నిజం రాస్తే ఆవిడకి టైం కలిపేవాళ్ళేమో, కలిపేవాళ్ళు కాదేమో. రాయలేదు కాబట్టి ఆ ప్రశ్నే ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. సాయంత్రం గేటు దగ్గర ఆవిడ కనిపించింది. పాపనెత్తుకుని ఒకతను ఎదురుచూస్తున్నాడు. ఆవిడ అతనికేదో చెప్తూ నడిచింది. నేను టీ కొట్టు వెనక్కి తప్పుకున్నాను.

ఆవిడకి ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలీదు. వచ్చే ఉంటుందని చాలా ఏళ్ళు అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక.

ఈ మధ్య ఒక కథల పుస్తకం మీద సమీక్ష రాశాను. రచయిత ప్రతి కీలకమైన చోటా "అలా జరిగిపోయింది", "బంధం తెగిపోయింది" అని దాటేస్తున్నాడని, తెంచినవాడిని వాక్యంలోకి రానివ్వట్లేదని గట్టిగానే అన్నాను. తెలుగులో ఈ జంటలు ఎన్నో ఉన్నాయి. తెగడం, తెంచడం. పగలడం, పగలగొట్టడం. అకర్మకం, సకర్మకం అని బళ్ళో చదువుకున్నవే. మొదటిదాంట్లో చేసినవాడికి చోటే లేదు. ఆ పేరా రాసి నేను చాలా సంతోషపడ్డాను కూడా.

ఆ రాత్రి ఖాళీ గడి ముందు కూర్చుంటే ఆవిడ మాట వినిపించింది. ఆవిడ "కలుస్తదా?" అని అడగలేదు. "కలుపుతరా?" అని అడిగింది. చేసేవాడు ఎదురుగా ఉన్నాడని ఆవిడకి తెలుసు. "కలుస్తది" అని నేను వాక్యంలోంచి దిగిపోయాను. ఆ తర్వాత ఫారంలోనూ దిగిపోయాను, ఈసారి ఇంగ్లీషులో. ఆ రచయితని నేను అంత త్వరగా ఎలా పట్టుకున్నానో అప్పుడు అర్థమైంది.

లేచి వెళ్ళి పక్క గదిలో రౌటర్ చూశాను. ఇంట్లో ఏ నంబర్లు వాడుకలో ఉన్నాయో, రౌటర్ తనంతట తాను పంచే నంబర్లు ఎక్కడిదాకానో కాగితం మీద రాసుకున్నాను. ఎవరూ వాడని ఒక అంకె చూసి కొట్టాను. తెర వచ్చింది. పత్రికలు మాత్రం తెరవలేదు.

కాగితం ఇంకా చేతిలోనే ఉంది. వెనక్కి తిప్పి, పన్నెండేళ్ళకు పైగా ఆలస్యంగా, ఆ ఫారం మళ్ళీ నింపాను. ఎవరికీ పనికిరాదని తెలుసు.

సీటు నంబరు: 31. ఎంతసేపు: పదకొండు నిమిషాలు. కారణం: స్పేర్ మెషీన్‌లో 41 కొట్టాల్సిన చోట నేను 31 కొట్టాను, సరిచూసుకోలేదు. ఆమె టైం నేను పోగొట్టాను.