రెండు సూర్యుల నీడ

ఒక ఒరలో రెండు కత్తు లిముడవను సామెత మనవారికి మిక్కిలి ప్రియమైనది. అత్తాకోడండ్ర తగవు మొదలుకొని రాజ్యాంగ వ్యవహారముల వరకు దీనితో తీర్పు చెప్పబడని వివాదము లేదు. వాదించుటకు ఓపిక గాని తెలిసికొనుటకు ఇచ్ఛ గాని లేనివానికి సామెత గొప్ప యాయుధము. ఈ యాయుధమును నేనొకప్పుడు పదునాలుగేండ్ల బాలునిపై ప్రయోగించితిని. ఆ సంగతి చదువరులకు విన్నవించుకొనుట నాకు సంతోషకరము కాదు గాని, విన్నవింపక యుండుట యంతకంటె కష్టముగా నున్నది.

2009వ సంవత్సరమున నేను తొమ్మిదవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. పాఠములో ద్వాదశాదిత్యులను మాట వచ్చినది. సూర్యు డొక్కడేయనియు, పండ్రెండు నెలలను బట్టి పండ్రెండు నామము లేర్పడినవనియు వివరించి ముందునకు సాగబోవుచుండగా, వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "మాస్టారండీ, నిజంగానే ఇద్దరు సూర్యులున్న లోకం ఎక్కడైనా ఉంటుందాండి? ఉంటే మనిషికి నీడలెన్ని పడతాయండి?" అని యడిగెను. జంట నక్షత్రముల నడుమ గ్రహము నిలువజాలదని యెన్నడో యొక పాత యింగ్లీషు పుస్తకమున చదివినట్లు నాకు లీలగా జ్ఞప్తి యుండెను. అది యే పుస్తకమో, యెవరి వాక్యమో యెరుగను. అయినను, "ఒక ఒరలో రెండు కత్తులిమడవురా, కూర్చో" అంటిని. తరగతి యంతయు గొల్లున నవ్వెను. ఆ నవ్వునకు నేనును కొంత యుబ్బితి ననుటలో దాచవలసినది లేదు. బాలుడు కూర్చుండెను. ఆ యేడంతయు మరల నతడు నన్నొక్క ప్రశ్నయు నడుగలేదు. దానిని నేను నాడు గమనింపలేదు. తరువాత లెక్క చూచుకొంటిని.

2011వ సంవత్సరము సెప్టెంబరు మాసమున వార్తాపత్రికలో నొక చిత్రము పడినది. కెప్లరు అను నంతరిక్ష దూరదర్శిని హంసమండలమున రెండు సూర్యులచుట్టు తిరుగు గ్రహము నొకదానిని కనిపెట్టినదట. దానికి కెప్లరు-16బి యని పేరిడిరి. అందలి పెద్ద సూర్యుడు మన సూర్యునిలో మూడింట రెండు వంతుల బరువు గలవాడు, నారింజ వన్నెవాడు. చిన్నవాడు ఎఱ్ఱనివాడు, మన సూర్యునిలో నైదవవంతు. ఇరువురు 41 దినముల కొకసారి యొకరి నొకరు చుట్టివత్తురు. గ్రహము శనిగ్రహమంతటిది, అది యా యిరువురిని గలిపి 229 దినములలో ప్రదక్షిణము చేయును. ఉపాధ్యాయుల గదిలో నా పత్రికను చదివి, మడిచి, సంచిలో పెట్టుకొంటిని. బాలు డప్పటికి పదవ తరగతి ముగించి బడి విడిచిపోయెను. మరుసటి గంటలో నెదుట కూర్చున్న నలువదిమంది పిల్లలకైనను చెప్పియుండవచ్చును. చెప్పలేదు. నన్నెవ్వరు నడుగలేదు గదా యని మనసునకు నచ్చజెప్పుకొంటిని.

ఇది యెట్లు సాధ్యమో తెలిసికొనుటకు తరువాత కొంత చదివితిని. మన పల్లెలలో ఆడుపిల్లలు చేతులు పెనవైచుకొని ఒప్పులకుప్ప తిరుగుదురు. అట్లు తిరుగు నిద్దరికిని దగ్గరగా మూడవ పిల్ల పోయినచో కాలో చేయో తగిలి పడిపోవును. తగినంత యెడముగా నున్నచో, వారిద్దరిని ఒక్క స్తంభమువలె భావించి నిశ్చింతగా చుట్టు తిరుగవచ్చును. ఆ సూర్యుల నడిమి యెడము భూమికిని సూర్యునికిని గల యెడములో నించుమించు నైదవవంతు. గ్రహ మందుకు మూడింతలకు పైగా దూరమున నున్నది. ఇంకను లోపలికి జరిగిన నది నిలుచుట దుర్లభము. రెండవ మార్గమును గలదు: సూర్యులిద్దరు మిక్కిలి దూరముగా నుండి, గ్రహము వారిలో నొక్కని దగ్గరనే తిరుగుట. కనుక సామెత పూర్తిగా నబద్ధము కాదు. ఒర పొడవెంతయో, కత్తు లెంతెంతవో కొలువక పలుకుటయే తప్పు.

ఈ చదువులోనే నాకు మన చెన్నపట్టణము తటస్థించినది. నుంగంబాకమున ఈస్టిండియా కంపెనీవారు 1792లో కట్టించిన నక్షత్రశాల యొకటి యుండెను. అందు 1855లో కెప్టెన్ జేకబు అను నధికారి, సర్పధరమండలములోని 70 ఓఫియూకై యను జంట నక్షత్రమును పరిశీలించి, అది గణితము చెప్పిన దారిని సరిగా పోవుట లేదనియు, కంటికి కనబడని గ్రహ మొకటి దానిని లాగుచుండవచ్చు ననియు ప్రకటించెను. మన సూర్యుని కుటుంబమునకు వెలుపల గ్రహమున్నదని కొలతల యాధారముతో చెప్పిన మొట్టమొదటివారిలో నితడొకడు. చెప్పినది తెలుగువా రెందరో బ్రతుకుచున్న యూరినుండి. ఆ గ్రహము లేదు. నేటి వరకు నెవరికిని చిక్కలేదు. కొలతలలోని చిన్నచిన్న పొరపాట్లే గ్రహమువలె భ్రమింపజేసినవి.

జేకబు ఊహగా చెప్పినదానిని నలువదేండ్ల పిమ్మట అమెరికావాడైన థామసు సీ యను పండితుడు నిశ్చయముగా చెప్పెను. ఆ కనబడని వస్తువు 36 సంవత్సరములకొక చుట్టు తిరుగునని కాలమును గూడ నిర్ణయించెను. ఫారెస్టు మౌల్టను అను నాతడు 1899లో లెక్కవేసి, ఆ జంటలో నట్టి కక్ష్య నిలుకడగా నుండజాలదని నిరూపించెను. సీ పండితుడు తప్పొప్పుకొనుటకు మారుగా కోపించి పత్రికకు ఘాటైన లేఖ వ్రాసెను. ఆ పత్రికవా రింక నతని వ్రాతలను ప్రకటింపమనిరి. నే నా పాత పుస్తకమున చదివినది బహుశః మౌల్టను వాదము నీడయే కాబోలు. ఒక జంటకు, ఒక కక్ష్యకు చెప్పిన మాటను సమస్త బ్రహ్మాండమునకు నంటగట్టినవాడను నేను.

మరియొక కథ దీనికి విపరీతముగా నున్నది. సెఫియసు మండలములోని గామా యను నక్షత్రము కూడ జంటయే. దాని దగ్గర బృహస్పతి వంటి పెద్ద గ్రహ మున్నట్లు కెనడా జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కాంబెలు, వాకరు, యాంగు అను మువ్వురు 1988లో సూచించిరి. కాని 1992లో, ఆ కదలిక నక్షత్రపు సొంత చాంచల్యము వలననే కలిగియుండవచ్చునని తామే వెనుకకు తీసికొనిరి. 2003లో వేరు పరిశోధకులు మరికొన్ని యేండ్ల కొలతలు చేర్చి చూడగా గ్రహ మున్నదని తేలినది. ఉన్నదానిని లేదేమో యనుకొన్న వారియెడ నాకు గౌరవము కలుగుచున్నది. లేనిదానికై పోరాడిన సీని తలచుకొన్నపుడెల్ల, అద్దములో మొగము చూచుకొన్నట్లుండును.

గతసంవత్సరము బంధువుల యింట వివాహమునకు పోయితిని. పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపుచున్నాడు. మబ్బు పట్టియుండుటచే నా దంపతులు కనబడనిదానిని కనబడినట్లే తలలూపిరి. ప్రక్కన నిలిచిన యువకు డొకడు నమస్కరించి, "మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?" అనెను. అతడే. విద్యుత్పరికరములు బాగుచేయు దుకాణము పెట్టుకొన్నాడట. నేను సామెత సంగతి యెత్తి, తప్పు నాదని చెప్పితిని. అతడు నవ్వి, "అలా అడిగానా నేను? నాకు గుర్తే లేదండీ" అనెను. ఇన్నియేండ్లు నేను మోసిన బరువు అతనికి తెలియనే తెలియదు. తేలికపడవలసిన నా మనసు ఏలనో కొంచెము చిన్నబోయెను.

అయినను బాకీ తీర్పక మానలేదు. ఆ గ్రహము వాయుమయము గనుక దానిపై నిలుచుటకు నేల లేదనియు, దానికి చంద్రు డెవడైన నున్నచో నచట నిలువవచ్చుననియు, నీడలు రెండు పడుననియు, చిన్న సూర్యుని వెలుగు మిక్కిలి స్వల్పమగుటచే రెండవ నీడ కంటి కానుట కష్టమనియు చెప్పితిని. కక్ష్య మెల్లమెల్లగా నొరగుటచే 2018 మొదలు ఆ గ్రహము సూర్యబింబమున కడ్డుగా పోవుట మనకు కనబడదనియు, మరల 2042 ప్రాంతమున గాని కనబడదని గణించిరనియు చెప్పితిని. అతడు శ్రద్ధగా విని కొంతసే పాలోచించెను.

"అయితే మాస్టారూ, ఆ చిన్నవాడు పెద్దవాడికి అడ్డం వచ్చినప్పుడు నీడ ఎలా మారుతుందండీ?"

"తెలియదురా. చూచి చెప్పెదను" అంటిని.

భోజనములకు పిలుపు వచ్చెను. అతని ఫోను నంబరు శుభలేఖ వెనుక వ్రాసికొంటిని.