ముందు హుక్కుల జాకెట్టు

కాన్పయ్యాక ఉద్యోగంలో మళ్లీ చేరబోయే స్త్రీకి మొదటి చిక్కు బట్టల బీరువా దగ్గరే ఎదురవుతుంది. గర్భానికి ముందు కుట్టించుకున్న జాకెట్లు ఒక్కటీ పట్టవు. అలాగని అరడజను కొత్తవి కుట్టించుకోవడం దండగ. బాలింత ఒళ్లు ఏడాది తిరిగేలోపు రెండు మూడు కొలతలు మారుతుంది. పని తెలిసిన దర్జీ ఇలాంటప్పుడు రెండు పక్కలా అంగుళం చొప్పున గుడ్డ లోపలికి వదిలి, దాని మీద రెండు మూడు వరసల కుట్టు వేస్తాడు. ఒళ్లు వచ్చినప్పుడు ఒక వరస విప్పుకోవచ్చు, తగ్గాక మళ్లీ వేయించుకోవచ్చు. రెడీమేడ్ కుర్తాల్లో ఆ వీలు తక్కువ. విప్పుకోవడానికి లోపల గుడ్డే ఉండదు.

కొలత కన్నా ముఖ్యం హుక్కులు ఎటువైపు ఉన్నాయన్నది. ముందు హుక్కులు, పైన కొంగు ఉంటే బస్టాండు బెంచీ మీదైనా ఎవరి సాయమూ లేకుండా బిడ్డకు పాలివ్వచ్చు. తెలుగిళ్లలో చాలాకాలం సాగిన ఏర్పాటు ఇదే. అందరి కట్టూ అదే కాబట్టి దానికి వేరే పేరు పెట్టాల్సిన పని రాలేదు. వెనక హుక్కులు, వీపున తాళ్లు, లోపల ప్యాడ్లు ఉన్న జాకెట్టు పెళ్లి ఫోటోకు బాగుంటుంది గాని పసిబిడ్డ తల్లికి అక్కరకు రాదు. చుడీదార్ వేసుకునేవాళ్లు ప్రిన్సెస్ కట్ అతుకుల్లో రెండు వైపులా జిప్పులు పెట్టించుకుంటే సరిపోతుంది. దుకాణాల్లో ఫీడింగ్ కుర్తీల పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇలాంటివే. పాత కుర్తాకైనా వీధి దర్జీ ఈ పని చేసిపెడతాడు. లోహపు పళ్ల జిప్పు కాకుండా నైలాన్‌ది వేయమనాలి, లేకుంటే బిడ్డ బుగ్గ గీసుకుపోతుంది. ఇంట్లో ఈ సమస్య ఎప్పుడో తీరింది: ముందు జిప్పు నైటీ, గేటు దాకా వెళ్లాల్సివస్తే పైన ఒక చున్నీ. నైటీని ఎంత ఎగతాళి చేసినా, తల్లి అవసరం తెలిసి కుట్టినట్టుండేది అదొక్కటే.

ఉద్యోగానికి తిరిగి ఎప్పుడు వెళ్లాలన్నది చట్టం లెక్క. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఆ ఎనిమిదీ ముందే వాడేసుకుంటే మిగిలేవి 18 వారాలు. అంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే తల్లి ఆఫీసులో ఉండాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ రెండు లెక్కలకూ దాదాపు రెండు నెలల తేడా. దాన్ని పూడ్చడానికి చట్టంలో కొన్ని ఏర్పాట్లున్నాయి. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పనివేళల్లో రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇవే ఉన్నాయి.

బిడ్డ ఆ గదిలో ఉంటే విరామానికి అర్థం ఉంది. పదిహేను కిలోమీటర్ల అవతల అమ్మమ్మ దగ్గరుంటే తల్లి ఆ కాసేపట్లో చేయగలిగింది పాలు పిండి దాచడమే. అందుకు గడియ పడే తలుపున్న గది, కుర్చీ, పంపు కోసం ఒక ప్లగ్గు చాలు. ఆఫీసుకు ఇది పెద్ద ఖర్చు కాదు. అది లేక మరుగుదొడ్డిలో నిలబడి పిండుకోవాల్సి రావడం బిడ్డ అన్నం అక్కడే వండమన్నట్టే. పిండిన పాలు 25 డిగ్రీలకు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయి. మే నెల బెజవాడలో మామూలు గదికి ఆ లెక్క వర్తించదు కాబట్టి ఐస్ ప్యాకుల సంచి తప్పదు. ఆ పాలను పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చన చేయాలి. పీక ఉన్న సీసాను శుభ్రంగా ఉంచడం కష్టం, చిన్న గిన్నె మేలు. ఇంట్లో వెండిదో స్టీలుదో ఉగ్గుగిన్నె ఉంటే మరిగించి వాడుకోవచ్చు, అందులో ఉగ్గు మాత్రం కలపకుండా.

ఆఫీసులో ఎక్కడో ఇంకో బిడ్డ ఏడుపు వినబడినా పాలు చేపుకొస్తాయి. లోపల మడిచిన నూలు రుమాలు, పైన ముదురు రంగు ప్రింటు ఉంటే తడి బయటపడదు. లేత రంగు షిఫాన్ దాచలేదు. చనుబాల మరకను ముందు చన్నీళ్లలోనే ఉతకాలి. వేడినీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తులు గుడ్డను పట్టుకుని వదలవు. పసుపు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు. అది సబ్బులోని క్షారం చేసే పని, ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది.

గంజిపెట్టి ఇస్త్రీ చేసిన మంగళగిరి చీర ఉదయం ఎనిమిదింటికి దర్జాగా ఉంటుంది. బిడ్డను ఒక్కసారి చంకనెత్తుకుంటే ఆ దర్జా పోతుంది, పైగా బిరుసు గుడ్డ పసి చర్మానికి గరుకు. నాలుగు ఉతుకులు పడి మెత్తబడిన నూలే మేలు. సింథటిక్ చీర త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అడగదు. అయితే వేసవిలో ఉక్కపోస్తుంది, నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దాన్ని పొయ్యి దగ్గర కట్టుకోకూడదు. కుచ్చిళ్లకు పిన్నీసు పెట్టుకుంటే ఫరవాలేదు. భుజం మీది పిన్నీసు బిడ్డ తల ఆనే చోట ఉంటుంది. అక్కడ హుక్కు కుట్టించుకోవడం నయం.

ప్రయాణంలో అసలు ప్రమాదం బండి వెనక చక్రం. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. జనం చీర గార్డు అనేది దీన్నే. సోకు కోసం దాన్ని పీకించే కుర్రాళ్లు అక్క చున్నీ సంగతి ఆలోచించరు. చున్నీని వెనక్కి తెచ్చి నడుముకు ముడేసుకోవడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. నాలుగేళ్లలోపు పిల్లల్ని బైకు మీద తీసుకెళ్తే, నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ వాడాలని, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్ పెట్టాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నియమం ఉంది. రోడ్ల మీద చూస్తే తెలిసినవాళ్లు తక్కువే అనిపిస్తుంది.

ఇక జేబు. ఒక చేత బిడ్డ, ఇంకో చేత క్యారేజీ ఉన్న మనిషి బస్సు చార్జీ ఎక్కడి నుంచి తీయాలి? చీరకు రొంటి ఉండేది, చిల్లర సంచి అక్కడ దోపుకునేవారు. నైటీలకు చాలావాటికి జేబు ఉంటుంది. ఆఫీసుకు వేసుకెళ్లే కుర్తాకు తరచుగా ఉండదు. పత్తి చేలల్లో పనిచేసే కూలి ఆడవాళ్లు దీనికి సొంత దారి కనిపెట్టుకున్నారు. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు. ఎండ తగలదు, ఆకు గీసుకోదు, ఫోను జేబులో ఉంటుంది. బిడ్డ పాత చీర ఊయలలో చెట్టుకింద నిద్రపోతుంది. వీళ్ల చేతికి 26 వారాల జీతపు సెలవు అందదు.

బడికెళ్లే పిల్లలుంటే ఉదయపు హడావుడి వేరు. మూడేళ్ల పిల్లకు గుండీలు పెట్టుకోవడం చేతకాదు. ఎలాస్టిక్ నడుము, అంటించుకునే బూట్లు అయితే తనే తొడుక్కుంటుంది, తల్లికి పది నిమిషాలు మిగులుతాయి. గౌనుకు అడుగున నాలుగు వేళ్ల మడత వదిలించుకుంటే మరుసటి జూన్‌కు దించుకోవచ్చు. పిల్ల ఏడుస్తుందని చెప్పకుండా జారుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. చెప్పి వెళ్లడమే మంచిది. చెప్పకుండా వెళ్లే అమ్మ ఎప్పుడు మాయమవుతుందోనని పిల్ల రోజంతా కొంగు వదలదు.

సాయంత్రం దాకా ఎవరు చూసుకుంటారన్నదానికి సొంపైన జవాబు లేదు. 1975లో మొదలైన అంగన్‌వాడీల వేళలు ఆఫీసు వేళలకు సరిపోవు. జీతంతో కూడిన ప్రసూతి సెలవుకు జాతీయ చట్టం లేని అమెరికాలోనూ, చాలా తెలుగు కుటుంబాల్లో ముందు అమ్మ, ఆ వెనక అత్తగారు సందర్శక వీసా మీద ఆరేసి నెలలు వెళ్లి ఉండటం మామూలు. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. తండ్రికి పితృత్వ సెలవు 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి చట్టం ఆ మాత్రం కూడా ఇవ్వలేదు. అందుకే పిల్లాడికి జ్వరమొస్తే బడివాళ్లు తల్లికే ఫోను చేస్తారు. చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది: ఈ జూన్‌లో బడి దరఖాస్తు నింపేటప్పుడు మొదటి ఫోన్ నంబరు గడిలో తండ్రి నంబరు రాయండి.